మధ్య ధర ల్యాప్‌టాప్‌ల సమీక్ష: అందం మూత మీద, బలం హింజ్ దగ్గర

రిపేరు చేసేవాళ్లు ల్యాప్‌టాప్ బాడీని నాలుగు ముక్కలుగా చూస్తారు. మూత వెనకభాగం ఏ ప్యానెల్. తెర చుట్టూ ఉండే అంచు బీ ప్యానెల్. కీబోర్డు, టచ్‌ప్యాడ్ కూర్చునే పైభాగం సీ ప్యానెల్. అడుగున ఉండే డొప్ప డీ ప్యానెల్. షోరూమ్‌లో కంటికి ముందు ఆనేది ఏ ప్యానెల్. ప్రకటనలో పెద్దగా వేసే ఫొటో కూడా దానిదే. కానీ వాడకంలో దెబ్బతినేది ఎక్కువగా సీ, డీ ప్యానెళ్లు కలిసే వెనక మూలలు, అంటే మూతను బాడీకి కలిపే మడతబందు, హింజ్, బిగించిన చోటు.

మధ్య ధర మోడళ్ల చిక్కంతా ఇక్కడే ఉంది. చవక మోడల్ అయితే మొత్తం ప్లాస్టిక్ అని ముందే తెలుస్తుంది. ఖరీదైన వాటిలో లోహపు దిమ్మెను తొలిచి బాడీ చేసేంత ఖర్చు పెడతారు. మధ్యలో ఉన్నవి రెండూ కలిపినవి: పైన లోహం, లోపల ప్లాస్టిక్. కంపెనీ పెట్టగలిగే ఖర్చుకు హద్దు ఉంటుంది కాబట్టి మూతకు అల్యూమినియం వేసినప్పుడు ఇంకెక్కడో తగ్గించక తప్పదు. బ్యాటరీలో తగ్గించి ఉండొచ్చు, ఫ్యాన్‌లో తగ్గించి ఉండొచ్చు, హింజ్ పట్టుకునే భాగంలోనే తగ్గించి ఉండొచ్చు. అదెక్కడో పట్టుకోగలిగితే చాలు, పైన పటారం లోన లొటారం బాపతు మోడళ్లు పది నిమిషాల్లో బయటపడతాయి.

హింజ్ దగ్గర ఎక్కువసేపు ఆగండి

హింజ్ అంటే ఒక ఉక్కు కడ్డీ, దాన్ని నొక్కి పట్టుకునే చిన్న వాషర్ల వరస, మధ్యలో కాస్త గ్రీజు. మూత ఏ కోణంలో వదిలితే అక్కడే నిలబడేది ఆ రాపిడి వల్లే. హింజ్ ఒక రెక్క తెర వెనక మూతకు, రెండో రెక్క కింద బాడీకి బిగిస్తారు. ఒక్కో వైపు రెండు మూడు చిన్న స్క్రూలు ఉంటాయి. మధ్య ధర మోడళ్లలో ఆ స్క్రూలు దిగేది చాలాసార్లు లోహంలోకి కాదు. ప్లాస్టిక్ బొడిపెల్లో వేడి చేసి దించిన ఇత్తడి నట్లలోకి. మూత తెరిచిన ప్రతిసారీ ఆ నట్లను పైకి లాగే బలం పడుతుంది. కాలం గడిచి గ్రీజు ఎండితే హింజ్ బిగుసుకుంటుంది, లాగే బలం ఇంకా పెరుగుతుంది. చివరికి ఉక్కుకు ఏమీ కాదు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ చిట్లి నట్టు ఊడి వస్తుంది. ‘హింజ్ విరిగింది’ అని మనం అనే కేసుల్లో చాలావాటికి హింజ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, పోయింది దాని పునాది.

అందుకని మూత బిగుతుగా ఉంటే మంచి నాణ్యత అనుకోవద్దు. బిగుతు హింజ్, బలహీనమైన ప్లాస్టిక్ కలిస్తే అంతకంటే చెడ్డ జోడీ లేదు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, మూతను ముందు అంచు మధ్యలో ఒక్క వేలితో ఎత్తండి. కింది భాగం బల్ల మీంచి లేవకుండా మూత తెరుచుకోవాలి. తర్వాత సగం తెరిచి వదలండి, అక్కడే ఆగాలి. ఇప్పుడు కాస్త గట్టిగా టైప్ చేయండి. తెర ఒకటి రెండు సార్లు ఊగి ఆగితే ఫర్వాలేదు, టైప్ చేసినంతసేపూ ఊగుతూనే ఉంటే రాపిడి మరీ తక్కువ. చివరగా మూతను ఎడమ మూల పట్టుకుని ఒకసారి, కుడి మూల పట్టుకుని ఒకసారి నెమ్మదిగా కదపండి. రెండు వైపులా ఒకేలా కదలాలి. ఒకవైపు ‘కిర్రు’మన్నా, హింజ్ పక్కన ప్యానెళ్ల మధ్య సందు తెరుచుకున్నా, ఆ యూనిట్‌ను పక్కన పెట్టేయండి.

అల్యూమినియం మూత అనగానే హింజ్ సమస్య తీరిపోయినట్టు కాదు. పలచని రేకులో స్క్రూ దిగేంత మందం ఉండదు. కాబట్టి రేకు లోపల ఒక చట్రం అంటించి, దానికి హింజ్ బిగించే మోడళ్లు ఉన్నాయి. ఆ జిగురు వేడికి వదిలితే మూత రేకు ఒకవైపు, తెర ఒకవైపు విడిపోతాయి. పూర్తి ప్లాస్టిక్ మూత అయినా, హింజ్ రెక్క పొడుగ్గా ఉండి నాలుగైదు స్క్రూలతో బరువును పరిచి పట్టుకుంటే అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. బయటినుంచి ఇది కనబడదు. ఆ మోడల్ విప్పిన వీడియో ఒకటి వెతికి, హింజ్ రెక్క ఎంత పొడుగుందో, ఎన్ని స్క్రూలు పట్టుకున్నాయో చూడటానికి అయిదు నిమిషాలు చాలు. కొనేముందు చేసే పనుల్లో ఇంతకంటే లాభమైనది నాకు తెలియదు.

మూత తెరిచినప్పుడు వెనక అంచు కిందికి దిగి, కీబోర్డును కొంచెం పైకి లేపే హింజ్ ఒకటుంది. చూడ్డానికి బావుంటుంది, టైపింగ్‌కు కోణమూ కుదురుతుంది, అడుగున గాలి ఆడుతుంది. కానీ ఇక్కడ మూత అంచే ల్యాప్‌టాప్ బరువు మోస్తుంది. ఆ అంచుకు రబ్బరు పట్టీ ఉందో లేదో చూడండి. లేకపోతే బల్ల గీతలు మూతకు, మూత గీతలు బల్లకు. ఇంకో సంగతి, వేడిగాలి బయటికి వచ్చే జాలి హింజ్ వెనకే ఉంటే ఆ గాలి నేరుగా తెర కింది అంచుకు తగులుతుంది. అలాంటి డిజైన్‌లో పక్కల నుంచి గాలి వదిలే మోడల్‌కే నా ఓటు.

లోహమా, ప్లాస్టిక్కా

ప్లాస్టిక్ అనగానే ముఖం చిట్లించాల్సిన పని లేదు. పాలీకార్బొనేట్, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ రకాలు కలిపి, గాజు పీచు చేర్చి పోసిన బాడీ దెబ్బ తగిలితే వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. పలచని అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది. మూల సొట్టపడితే ఆ పక్కనున్న పోర్టు కూడా నలుగుతుంది. మెగ్నీషియం మిశ్రమం అల్యూమినియం కంటే మూడో వంతు తేలిక. సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.8 గ్రాములైతే, అల్యూమినియానిది 2.7. కానీ మెగ్నీషియానికి పెయింటు పూత తప్పనిసరి కాబట్టి ముట్టుకుంటే ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. అది తెలియక ‘ప్లాస్టిక్ బాడీ’ అని తీసిపారేసేవాళ్లు మంచి యంత్రాలను వదులుకుంటారు.

స్పెసిఫికేషన్‌లో ‘మెటల్ బాడీ’ అని రాసి ఉంటే ఏ ప్యానెళ్లు మెటల్ అని విడివిడిగా అడగాలి. ఏ ప్యానెల్ ఒక్కటే లోహమైతే అది ముస్తాబు. సీ ప్యానెల్ లోహమైతే అసలైన లాభం, ఎందుకంటే కీబోర్డు కుంగకుండా ఉండేదీ, బాడీ మెలితిరగకుండా ఉండేదీ దానివల్లే. రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సి వస్తే ప్లాస్టిక్ మూత, లోహపు సీ ప్యానెల్ ఉన్నదే తీసుకోండి.

చేత్తో చూసే పరీక్షలు మూడు చాలు. మొదటిది, మూత తెరిచి ముందు ఎడమ మూల ఒక్కదాన్నే పట్టుకుని ల్యాప్‌టాప్‌ను ఎత్తండి. బాడీ మెలితిరిగితే టచ్‌ప్యాడ్ దానంతటదే క్లిక్ అవుతుంది, లేదా నొక్కినా క్లిక్ పడదు. రెండోది, కీబోర్డు నడిమధ్య, జీ, హెచ్, బీ అక్షరాల దగ్గర బొటనవేలితో నొక్కండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దిగబడితే కింద ఆనిక లేదని అర్థం. మూడోది, తెర మీద ముదురు బూడిద రంగు బొమ్మ పెట్టి, మూత వెనక అరచేత్తో మెల్లగా ఒత్తండి. తెరలో నీడలు, అలలు కనబడితే బ్యాగులో పుస్తకాల ఒత్తిడి కూడా అలాగే ప్యానెల్‌కు చేరుతుంది. డెమో పీసు మీద ఇవన్నీ నిరభ్యంతరంగా చేయొచ్చు, గట్టిగా మాత్రం ఒత్తకండి.

రంగుల విషయం కొంచెం చెప్పాలి. ముదురు నీలం, నలుపు అనోడైజ్ చేసిన (కరెంటుతో పైపొర గట్టిపరిచి రంగెక్కించిన) అల్యూమినియానికి పోర్టుల అంచుల్లో గీత పడితే లోపలి వెండి రంగు మెరుస్తూ బయటపడుతుంది. వెండి రంగు బాడీ మీద అదే గీత కనబడదు. చేతికి మెత్తగా తగిలే రబ్బరు పూత కొత్తలో హాయిగా ఉంటుంది, కొన్నేళ్లకు తేమకూ చేతి జిడ్డుకూ కరిగి జిగటగా మారుతుంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు, గీకి తీసేయడమే. వెండి రంగు కీల మీద తెల్ల బ్యాక్‌లైట్ వెలిగితే పగటి వెలుగులో అక్షరాలు కనబడవు. ఇది అందం కోసం వాడకాన్ని వదులుకోవడమే. లైటు వేసి, తీసి, రెండు విధాలా చూసుకోండి.

సైనిక ప్రమాణం ముద్ర

ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అనే ముద్ర ఇప్పుడు మధ్య ధర మోడళ్ల మీద కూడా విరివిగా కనబడుతోంది. ఇది 2019లో వచ్చిన అమెరికా రక్షణ శాఖ పరీక్షా ప్రమాణం. అందులో 29 పద్ధతులున్నాయి. ఏవి చేయాలో, ఏ స్థాయిలో చేయాలో కంపెనీయే ఎంచుకోవచ్చు. పాసైందని సర్టిఫికెట్ ఇచ్చే సైనిక సంస్థ ఏదీ లేదు. 26 సార్లు కింద పడేసే పరీక్షను కూడా అయిదు యూనిట్ల వరకు పంచి చేయొచ్చు. అంటే ఆ ముద్ర అబద్ధమని కాదు. ఏయే పరీక్షలు చేశారో జాబితా ఇచ్చిన కంపెనీకి విలువ ఇవ్వండి, ఉత్త ముద్రకు ఇవ్వకండి. హింజ్‌ను ఎన్ని వేల సార్లు తెరిచి మూసి చూశారో చెప్పే కంపెనీ ఉంటే, రోజువారీ వాడకానికి ఆ సమాచారమే ఎక్కువ పనికొస్తుంది.

పలచదనానికి చెల్లించే మూల్యం

స్టైల్ పేరుతో అడిగేది ముఖ్యంగా పలచదనం. ఒక్కో మిల్లీమీటరు తగ్గించేటప్పుడు దేన్నో ఒకదాన్ని కోస్తారు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఆపిల్ బటర్‌ఫ్లై కీబోర్డు. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో మొదలైంది. కీ కింద ధూళి చేరితే అక్షరం పడకపోవడం, రెండుసార్లు పడటం జరిగేది. 2018లో ఆపిల్ ఉచిత మరమ్మతు పథకం ప్రకటించాల్సి వచ్చింది, 2019 చివర్లో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో కీ కింద కత్తెరలా మడిచే బందు ఉండే పాత పద్ధతికి తిరిగి వెళ్లింది. అంత పెద్ద కంపెనీ, అంత ఖరీదైన యంత్రంలోనే అర మిల్లీమీటరు కోసం అలా జరిగింది. మధ్య ధరలో కీ ప్రయాణం, అంటే నొక్కితే కీ దిగే దూరం, 1.3 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే రోజంతా టైప్ చేసేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

కీబోర్డులో ఇంకో కిటుకు ఉంది. కొన్నింట్లో అది స్క్రూలతో విడిగా ఉంటుంది. చాలా పలచని మోడళ్లలో సీ ప్యానెల్‌కు పదుల సంఖ్యలో ప్లాస్టిక్ రివెట్లు కరిగించి అతికిస్తారు. ఒక్క కీ పోయినా సీ ప్యానెల్ మొత్తం మార్చాలి. కొనేముందు తెలుసుకోవడం తేలికే. డెల్, హెచ్‌పీ, లెనోవో చాలా మోడళ్లకు సర్వీస్ మాన్యువల్‌ను వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెడతాయి. విడిభాగాల జాబితాలో కీబోర్డు విడిగా ఉందా, ‘కీబోర్డుతో కూడిన టాప్ కవర్’ అని ఉందా చూడండి. రెండోది అయితే నీళ్లు ఒలికినప్పుడు బిల్లు ఎలా ఉంటుందో అంచనా వేసుకోవచ్చు.

వేడి సంగతి దీనికి ముడిపడినదే. 15 వాట్ల ప్రాసెసర్‌కు ఒక ఫ్యాన్, వేడిని మోసుకుపోయే ఒక హీట్ పైపు సరిపోతాయి. 45 వాట్ల హెచ్ సిరీస్ ప్రాసెసర్‌ను అదే ఏర్పాటుతో పలచని బాడీలో కూర్చోబెడితే మొదటి నిమిషం పరుగెత్తి, తర్వాత వేగం తగ్గించుకుంటుంది. స్పెసిఫికేషన్ కాగితం మీద బాగా చల్లబడే యంత్రం, ఇదీ రెండూ ఒకేలా మెరుస్తాయి. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల పరీక్ష ఉంది. మొదటి రన్ స్కోరు, పది నిమిషాల తర్వాత స్కోరు పక్కపక్కన పెట్టి చూసిన సమీక్షలు వెతకండి. పది శాతం దాకా పడితే మామూలే, ముప్ఫై శాతం పడితే ఆ ప్రాసెసర్‌కు మీరు పెట్టే డబ్బు సగం వృథా. ఎప్పుడూ కాగుతూ ఉండే బాడీలో బ్యాటరీ కూడా తొందరగా చచ్చుబడుతుంది, జిగురూ వదులుతుంది. కాబట్టి చల్లదనాన్ని వేగంతో పాటు గట్టిదనం లెక్కలో కూడా వేసుకోవాలి.

ల్యాప్‌టాప్‌ను తిరగేసి డీ ప్యానెల్ చూడండి. గాలి పీల్చే జాలి ఎంత వెడల్పుంది, రబ్బరు పాదాలు ఎంత ఎత్తున్నాయి? పాదాలు మిల్లీమీటరు కంటే పలచగా ఉంటే బల్లకు అతుక్కున్నట్టే, గాలి ఎటునుంచి వస్తుంది? గాజు బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూస్తే బాడీ వంకరగా ఉంటే టక్కుమని కొట్టుకుంటుంది.

చార్జింగ్ పిన్ దగ్గర జాగ్రత్త. టైప్-సీ పోర్టుకు ప్రమాణం ప్రకారం 10,000 సార్లు పెట్టి తీసే ఓర్పు ఉండాలి, కానీ అది నిటారుగా పెట్టి తీసినప్పటి లెక్క. కేబుల్ పక్కకు లాగబడితే పోర్టు కాళ్లు మదర్‌బోర్డు నుంచి ఊడతాయి. చాలా మోడళ్లలో ఆ పోర్టు మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, పోతే టంకం పని తెలిసినవాళ్లే చేయాలి. పాత గుండ్రటి పిన్ చూడ్డానికి మోటుగా ఉన్నా, తరచూ చిన్న వైరుతో విడి భాగంగా వస్తుంది, పది నిమిషాల్లో మారుతుంది. ఒకే టైప్-సీ మీద ఆధారపడిన మోడల్ కంటే రెండు టైప్-సీలు, అందులోనూ చెరోవైపు ఒకటి ఉన్నది మేలు. ఒకటి పోయినా యంత్రం ఆగదు.

తెరలో స్టైల్, నాణ్యత ఒకటే

ఇక్కడ మాత్రం అందానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. మధ్య ధరలో అత్యంత మోసపూరితమైన మాట ‘ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్’ (ఐపీఎస్ ఒక రకం ఎల్‌సీడీ తెర). అదే పేరు కింద 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలమానం) రంగులు, 250 నిట్స్ (వెలుగు కొలత) వెలుగు ఉన్న ప్యానెల్ రావచ్చు, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (అలాంటిదే ఇంకో కొలమానం), 400 నిట్స్ ఉన్న ప్యానెల్ కూడా రావచ్చు. మొదటిది ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో దాదాపు 60 శాతమే. ఎర్ర రంగు ఇటుక రంగులా కనబడుతుంది, కిటికీ పక్కన అక్షరాలు వెలవెలబోతాయి. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల ప్యానెళ్లు అమ్ముతారు కనుక మీరు కొనే కోడ్ నంబరుకు ఏది వస్తుందో కంపెనీ స్పెసిఫికేషన్ షీట్‌లో సరిచూసుకోవాలి. 300 నిట్స్ కంటే తక్కువైతే వదిలేయండి. ప్రతి చుక్కా తానే వెలిగే ఓలెడ్ తెర కళ్లు చెదిరేలా ఉంటుంది, రోజుకు పది గంటలు కదలని ఎక్సెల్ షీటు తెరిచి ఉంచేవాళ్లకు మాత్రం ఐపీఎస్ నిశ్చింత, కదలని బొమ్మ తెర మీద మచ్చలా మిగిలే భయం ఉండదు. అంచులు మరీ సన్నగా ఉన్న తెరలో మూల మీద పడే ఒత్తిడి నేరుగా గాజుకే వెళ్తుంది. కెమెరా మీద అంటించే మందపాటి మూతలు, కీబోర్డు మీద మరిచిపోయిన ఇయర్‌ఫోన్ మూత వేయగానే తెరను పగలగొడతాయి.

ఏ వరస కొనాలి

ఒకే కంపెనీ ఇంటి వాడకానికి ఒక వరస, ఆఫీసులకు ఒక వరస అమ్ముతుంది. ఐడియాప్యాడ్, వివోబుక్, ఆస్పైర్, ఇప్పుడు పేర్లు మారిన పెవిలియన్, ఇన్‌స్పిరాన్ ఒకవైపు. థింక్‌ప్యాడ్, ప్రోబుక్, ఎక్స్‌పర్ట్‌బుక్, ట్రావెల్‌మేట్, అలాగే పేరు మారిన లాటిట్యూడ్ ఇంకోవైపు. అదే డబ్బుకు మొదటి వరసలో మంచి తెర, కొత్త ప్రాసెసర్, మెరిసే మూత దొరుకుతాయి. రెండో వరసలో సాధారణమైన తెర, మంచి కీబోర్డు, తేలిగ్గా తెరుచుకునే డీ ప్యానెల్, విడిభాగాల లభ్యత దొరుకుతాయి. నాలుగైదేళ్లు వాడేవాళ్లు, రోజూ బ్యాగులో మోసేవాళ్లు రెండో వరసకే వెళ్లాలి. ఇంట్లో ఒకచోట పెట్టుకుని సినిమాలు, ఫొటోలు చూసేవాళ్లకు మొదటి వరసే సుఖం. వాళ్లకు ఆఫీసు వరస అమ్మడం అన్యాయం. అయితే ఆఫీసు వరసలోనూ అట్టడుగు మెట్టు మోడళ్లకు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర అంటగట్టడం ఇప్పటికీ జరుగుతోంది, పేరు చూసి నమ్మకండి.

ఉదాహరణకు థింక్‌ప్యాడ్ ఇ14 ఆరో తరం తీసుకోండి. ఇది ఆ ఇంట్లో చవక పిల్లే. అయినా రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎస్‌ఎస్‌డీ స్లాట్లు ఉన్నాయి. ఇంత పలచని 14 అంగుళాల యంత్రంలో ఇది అరుదు. చూపుకు సాదాసీదాగా ఉంటుంది, 47 వాట్ అవర్ల బ్యాటరీతో వచ్చినది తీసుకోకుండా 57 ఉన్నది వెతకాలి. ర్యామ్ పూర్తిగా అతికించిన మోడల్ ఏదైనా కొంటే మాత్రం మొదటిరోజే 16 జీబీ తీసుకోండి. ఎనిమిదితో కొని తర్వాత పెంచుకుందాం అనేది అక్కడ కుదరదు.

కొన్న మొదటి వారం

పెట్టె తెరిచాక నాలుగు అంచుల వెంట గోరు నడిపించండి. సందు అంతటా ఒకేలా ఉండాలి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీ (తయారీ నాటి సామర్థ్యం), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పట్టేది) పోల్చండి. కొత్తదానిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి, 90 శాతం కంటే తక్కువుంటే గోదాములో చాలాకాలం పడి ఉన్న పీసు అయ్యుండొచ్చు. ఎక్కువసేపు ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లు కంపెనీ యాప్‌లో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. బ్యాటరీ ఉబ్బడం మొదలైతే ముందు తెలిసేది టచ్‌ప్యాడ్‌లోనే, అది పైకి తేలి క్లిక్ బిగుసుకుంటుంది. అలా కనబడితే ఆ రోజే వాడకం ఆపి మార్పించాలి.

లోహపు బాడీని ముట్టుకుంటే చేతికి సన్నగా జుమ్మంటోందా? రెండు పిన్నుల అడాప్టర్‌లో ఎర్త్ లేక వచ్చే లీకేజీ అది. అదే వాటేజీ ఉన్న మూడు పిన్నుల అడాప్టర్, ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్ వాడితే పోతుంది.

వారంటీ కాగితంలో హింజ్ గురించి ఏం రాశారో చదవండి. చాలా కంపెనీలు విరిగిన హింజ్‌ను వాడకంలో తగిలిన దెబ్బగా లెక్కించి ఉచిత మరమ్మతుకు ఒప్పుకోవు. అందుకే మొదటిసారి ‘కిర్రు’ శబ్దం వినబడగానే, ప్లాస్టిక్ ఇంకా చిట్లకముందే, వీడియో తీసి సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. వారంటీ గడువు దాటిపోయి ఉంటే డీ ప్యానెల్ విప్పించి, హింజ్ స్క్రూలు వదులయ్యాయేమో చూపించి బిగింపించండి, హింజ్ బిగుతు నట్టును కొంచెం వదులు చేయించండి. ప్లాస్టిక్‌లోని ఇత్తడి నట్టు ఊడాక ఎపాక్సీ జిగురు పోసి అతికించడం కంటే ఈ పని చాలా చవక, పైగా నిలుస్తుంది.